మణికట్టు దాక

లక్సెట్టిపేటలో దర్జీ అక్క దుకాణంలో, ఆమె కుట్టిన కొత్త కుర్తా తొడుక్కుని చూసుకుంటోంది టీచరమ్మ. ఎల్లుండే మస్కట్ ప్రయాణం.

“చేతులు మణికట్టు దాక ఉండాలె అక్కా. కొలువిచ్చిన మస్కట్ బడోళ్లు కాయిదం పంపిండ్రు.”

“గా ఎండలకు నిండు చేతులా బిడ్డా? ఉడికిపోతవ్.”

“టీచర్ల ఒంటి మీద పచ్చబొట్టు కనపడొద్దట.”

“అయితే జర బోర్డు మీద రాసినట్టు చెయ్యెత్తు.”

ఎత్తింది. కుర్తా చెయ్యి జారి, ముంజేతి మీద పేరు బయటపడ్డది.

“అలేఖ్య… ఎవరు?”

“మా బిడ్డ. పోయినేడు ధర్మపురికాడ గోదాట్ల మునిగింది. ఎనిమిదేండ్లు. దినాలైనంక పొడిపిచ్చుకున్న.”

“దవాఖానల తీసేస్తరట గదా?”

“తీపిస్తే దాన్ని మళ్ల గోదాట్ల ఇడిసినట్టే అక్కా.”

దర్జీ అక్క కుర్తా చేతి అంచు పట్టుకుంది. రెండు వేళ్ల వెడల్పు గుడ్డ అతకడానికి సుద్దతో గుర్తు పెట్టింది.

“ఏ తరగతి ఇచ్చిండ్రు?”

“మూడో తరగతి. అందరు దాని ఈడోళ్లే.”

“నీకు పిల్లలున్నరా టీచర్ అని అడుగుతరు. ఏం చెప్తవ్?”

టీచరమ్మ ముంజేతి మీది పేరు చూసుకుంది. ఎత్తిన చెయ్యి దించలేదు.

“పేరైతే కప్పుకుంట గని, లేరని చెప్ప అక్కా. ఒక్క బిడ్డ ఉన్నదనే చెప్త.”