అదిలించమంటే తరిమేసిన సుంకమ్మ

సుంకమ్మ అని ఒకామె, కాలు ఒకచోట నిలవదంట. కూర్చుంటే లేస్తది, లేస్తే నడుస్తది, అన్నం తింటా తింటా కూడా వాకిట్లోకి పోయి తొంగి చూసి వస్తదంట. ఎందుకట్లా అంటే, ఆమె పుట్టిందే దారిలో. వానలు మొండికేసిన ఏడు వాళ్ళమ్మానాయనా మూటాముల్లె కట్టుకుని సుగ్గికి పోయినారు. సుగ్గి అంటే తెలుసు గదా నాయనా, మన పక్క పంట పోతే నీళ్ళున్న సీమకు కూలికి వలసపోవడం. ఆ పోయే దారిలో, బండి కింద నీడలో పుట్టింది. ఎనిమిదేండ్లు వచ్చేదాకా ఇల్లంటే ఏందో ఎరగదనుకో. అట్లాంటి మనిషి మద్దిలేటిని పెండ్లాడి, నాలుగెకరాల చేనున్న ఇంటికి కోడలైంది. రెండో ఏడు కడుపుతో ఉంది. అప్పుడు స్వామికి ఒకటే మొక్కుకునిందంట, నరసింహా, నా బిడ్డ దారిలో పుట్టగూడదు, ఇంట్లో పుట్టాల, మా అత్త చేతుల్లో పడాల, అని. చేను పండితే ఇల్లు, పండకపోతే సుగ్గి. మధ్యలో ఇంకోటి లేదు.

ఆ ఏడు చేన్లో జొన్నా కందీ కలిపి వేసినారు. జొన్న ముందు కోతకొస్తది, కంది నిదానంగా వెనక వస్తది. జొన్న తిండికి, అప్పూ ఏడాది ఖర్చూ కంది మీదనే. కార్తీకంలో జొన్న కంకి పాలు పోసుకుంటాంది. అత్త ఓబులమ్మకు మోకాళ్ళు సహకరించవు, మంచె ఎక్కలేదు. "మ్మే సుంకీ, పొద్దున కాసేపు, సందేళ కాసేపు మంచె ఎక్కి పిట్టల్ని అదిలించు" అని చెప్పిందంట. అదిలించు అనింది, ఆ మాట ఇనండి బాగా. అదిలించడం అంటే చెయ్యి ఊపి 'హో' అనడం. పిట్ట ఈ కంకి మీది నుంచి లేచి ఆ కంకి మీద వాలుతది, నాలుగు గింజలు తింటది, మళ్ళీ లేస్తది. ఒక్కచోటే కూర్చుని చేను ఊడ్చేయకుండా తిప్పుతా ఉండడమన్నమాట. చేను విడిచి పొమ్మనడం కాదు. ఆ ఇంట్లో ఇది అందరికీ తెలుసు, అందుకే ఎవరూ విడమర్చి చెప్పలేదు. సుంకమ్మకా, ఆ మాటే కొత్త. ఆమె పెరిగిన దారుల్లో పిట్ట కనిపిస్తే కొట్టేది, దొరికితే తినేది, అంతే తెలుసు.

ఇంక చూడు, వడిసెల పట్టుకుని మంచె ఎక్కింది. పొద్దున కాసేపు లేదు, సందేళ కాసేపు లేదు, దినమంతా అక్కడే. చిలకా, పిచ్చికా, గోరింకా, పొడుగు తోక నల్లపిట్టా, ఇది గింజ తినేదా కాదా అని చూసింది లేదు. రెక్క కనిపిస్తే రాయి. అది చాలక గట్టు మీది రేగు కంపలో, కలే పొదలో గూళ్ళు చూసి, నరుకు అనింది మొగుణ్ణి. "మ్మే, అది మా నాయన వదిలిన కంప" అన్నాడు మద్దిలేటి. "మీ నాయన వదిలినాడు, పిట్టలేమన్నా వదిలినాయా మన కంకులు?" అనింది. కొడవలి ఎత్తి నరికేసినాడు. జొన్న కోసేటప్పుడు మన పక్క పదింటికి ఒక దంటు నిలువునా వదిలేది ఆచారం. సుంకమ్మ వెనకనే పోయి, ఎద్దులకు మేతన్నా అయితదని ఆ దంట్లు కూడా కోసేసింది. పక్కచేని ఈరక్క గట్టు మీద నిలబడి, "ఏం సుంకమ్మా, గాలికన్నా కొంచెం మిగిల్చినావా?" అని నవ్విందంట. "నీ చేను నువ్వు చూసుకో పోక్కా" అనింది ఈమె. జొన్నలు ఎన్నడూ లేనన్ని వచ్చినాయి. ఓబులమ్మ రాశి మీద చెయ్యి పెట్టి, "గింజ బాగుంది. చేనే, మూగదైపోయింది" అనింది. సుంకమ్మ ఇనలేదు. ఇనే కుదురు యాడుంది?

ఏమైందంటే, పుష్యం వచ్చేసరికి కంది పసుపు పచ్చగా పూసింది, పిందె పట్టింది. ఒకనాడు పొద్దున సుంకమ్మ ఒక గుత్తి తిప్పి చూస్తే పచ్చపురుగు. పక్క గుత్తి తిప్పింది, రెండు. సాలు సాలంతా ఉరికింది, చెట్టు చెట్టూ పట్టుకుని తిప్పింది. ప్రతి కాయకూ చిల్లి, ప్రతి చిల్లిలో ఒక తల. ఓబులమ్మ కట్టె ఊనుకుంటా వచ్చి, పురుగును చూడలేదంట, పైకి చూసింది. "పిట్టలు యాడమ్మే?" "పోయినాయత్తా. నువ్వు అదిలించమంటే అదిలించినా గదా." "నువ్వు అదిలించలేదమ్మే, తరిమినావు." అని, కోపం కూడా లేదంట ఆ గొంతులో, నిదానంగా చెప్పింది. కొన్ని గింజకు వస్తాయి, కొన్ని పురుక్కు వస్తాయి, కొన్ని రెండూ తింటాయి. ఒకదాన్ని చూసి ఒకటి వస్తది, ఒకటి బెదిరితే అన్నీ లేచిపోతాయి. పురుగు ఏటా ఉంటది, పిట్ట ఏటా తింటది, మిగిలింది మనం తింటాం. నీ రాయి ఒక్క చిలకకే తగిలిందనుకున్నావా, అని.

సుంకమ్మ చెట్ల కింద దుప్పటి పరిచింది. మొగుడూ పెండ్లామూ కంది చెట్లు దులిపినారు. రాలిన పురుగుల్ని దోసిళ్ళతో ఎత్తి కోళ్ళకు వేస్తే, కోళ్ళు తిని తిని మెడ ఎత్తలేక పడుకున్నాయంట! తెల్లారి చూస్తే మళ్ళీ అన్నే పురుగులు. నాలుగు దినాలు దులిపినారు. ఐదో దినం మద్దిలేటి, "ఈరక్క వాళ్ళ కందికీ పురుగంట, వచ్చే బేస్తవారం సుగ్గికి బండి కడ్తారంట. మనమూ మూట కట్టుకుందాం" అన్నాడు. ఆ మాటతో సుంకమ్మ కడుపు పట్టుకుని నిలబడిపోయింది. తొమ్మిదో నెల దగ్గరికొచ్చింది. "బేస్తవారం దాకా ఆగు, నీ కాళ్ళు పట్టుకుంటా" అనింది.

ఓబులమ్మ తలస్నానం చేసి, స్వామికి దీపం పెట్టి, పసుపు కలిపి అన్నం వండింది. పొలి చల్లేదానికి. "పొలో పొలి!" అని అరుస్తా చేనంతా ఆ పచ్చన్నం చల్లినారు. దేవుడికనే చల్లుతారు, నేను కాదనను. కానీ పచ్చగా మెరిసే మెతుకు పైన ఎగిరే పిట్టకు కనపడాల గదా, దేవుడు దాంట్లో కూడా ఉన్నాడు. నిలువు దంట్లు లేవు గనక ఎండు కొమ్మలు తెచ్చి సాళ్ళ మధ్య నాటినారు, వాలేదానికి. మొదటి దినం కాకులొచ్చినాయి. రెండో దినం ఒక నల్లపిట్ట వచ్చి కొమ్మ మీద వాలింది. సుంకమ్మ ఆత్రం పట్టలేక, "వచ్చింది, వచ్చింది!" అని ఉరికింది. పిట్ట తుర్రుమని పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఈమె లేచింది, మళ్ళీ పోయింది. ఓబులమ్మ, "అవి నిన్ను గుర్తుపట్టినాయమ్మే. రాయి వేసిన చెయ్యిని పిట్ట మరువదు. ఇంట్లో కూర్చో పో" అనింది. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడదు ఆమెకు. "గట్టు మీద కూర్చుంటా అత్తా, కదిలితే అడుగు" అనింది.

మూడో దినం గొంగళి కప్పుకుని గట్టు మీద కూర్చుంది. చూడు తల్లీ, పుట్టినప్పటి నుంచి అరగడియ కుదురుగా కూర్చోని మనిషి! చీమలు కుట్టినాయి, కదల్లేదు. కడుపులో బిడ్డ తన్నింది, కదల్లేదు. పొద్దు బారెడు ఎక్కినాక నల్లపిట్ట వచ్చింది. కొమ్మ మీది నుంచి జారి, పురుగును ముక్కున పట్టుకుని మళ్ళీ కొమ్మెక్కింది. దాన్ని చూసి గోరింకలు దిగినాయి, నాలుగు, పది. లోపల ఏడుపొస్తాంది, పైకి ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. అప్పుడొచ్చినాయి చిలకలు. గుంపుగా వచ్చి, పురుగు పట్టని మంచి కాయలు చూసి చూసి, కొరికి కొరికి పారేస్తాన్నాయి. ఆమె కండ్ల ముందే! చెయ్యి దానంతట అదే గొంగళి కిందనుంచి పోయి మట్టిపెడ్డ పట్టుకుంది. ఇప్పుడు విసిరితే చిలకలు పోతాయి. వాటితో పాటు గోరింకలూ, నల్లపిట్టా పోతాయి. విసరకపోతే కాయలు పోతాయి. ఎంతసేపు పట్టుకుని ఉన్నదో, ఆ పెడ్డ అరచేతిలోనే నలిగి దుమ్మైపోయిందంట. "తినండే, తినండి. మీ వాటా ఎంతో అంత తినండి. నాకు ఇల్లు మిగిలిస్తే చాలు" అని పెదవుల్లోనే అనుకునిందంట.

బేస్తవారం ఈరక్క వాళ్ళ బండి పోయింది. వీళ్ళ బండి కదల్లేదు. కంది సగమే వచ్చింది, కానీ ఏడాది గడిచేంత వచ్చింది. పోయినవన్నీ తిరిగొచ్చినాయా అంటే, రాలేదు. కంప మళ్ళీ గూడు పట్టేంత పెరిగేదానికి నాలుగేండ్లు పట్టింది. పిచ్చికలు మునుపటంత గుంపుగా ఆ చేను మీద మళ్ళీ పడలేదంట. చెడగొట్టేదానికి ఒక కార్తీకం చాలింది, చూడండి.

మాఘంలో బిడ్డ పుట్టింది. ఇంట్లోనే, ఓబులమ్మ చేతుల్లోనే. ఆ బిడ్డే మా జేజి, అదే మా అవ్వ. ఇల్లు ఇల్లని తల్లి అంత తపించి కన్నది గదా, మా జేజి మొగుణ్ణి కూడా ఇల్లరికమే తెచ్చుకుని, తొంభై ఏండ్లు ఆ గడప దాటితే ఒట్టు. పక్కూరి తిరనాళ్ళకు రమ్మంటే, "నేనెందుకు లేమ్మా, ఏటా ఊరూరూ తిరిగే స్వామి పల్లకి మన చేని గట్టు మీదనే గదా పోయేది, నన్ను చూడాలనుకుంటే ఆయనే తిరిగి చూస్తాడు" అనేది.