తలకిందుల పడవ

గూడూరులో కళ్లద్దాల దుకాణం. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన ఒకామె కూతురి కోసం టెలిస్కోపు చూస్తోంది.

"దీంట్లో చందమామ మీద గుంటలు కూడా కనపడతాయక్కా. కాకపోతే అంతా తలకిందులుగా ఉంటాది. చందమామ ఎటు తిరిగుంటే ఏముందిలే."

"పడవని చూసినా తలకిందులేనా?"

"ఏది చూసినా అంతే."

"అయితే ఇది వద్దన్నా."

"పాప అడిగింది చందమామని చూడ్డానికే గదా?"

"చందమామ వచ్చేది పొద్దుపోయినాక. బడి నుంచి రాగానే అది ఒడ్డున నిలబడి, వేటకి పోయిన వాళ్ల నాయన పడవ కోసమే చూస్తాది. నా బిడ్డ కంటికి ఆ పడవ తలకిందులుగా కనపడకూడదు."

"నేరుగా చూపించేది ఇంకోటి ఉండాది. అందులో చందమామ చిన్నగా కనపడతాడు. పర్లేదా?"

"పర్లేదన్నా. చందమామ ఎట్టయినా తిరిగొస్తాడు."