జత ఎద్దుల కాగితం

(గాలివాన వెలిసి ఇరవై దినాలు. ఆత్మకూరు దగ్గరి పల్లె. మిద్దె కూలిన ఇంటి ముందు రాహేలమ్మ. దూలం మోసుకొని వచ్చినవాడు ఆమెకు మరిది వరసయ్యే సుందరం, చర్చిలో వాక్యం చదివే మనిషి.)

"అడిగేది నిన్నే సుందరం. ఆ దూలం యాడిది?"

"యాడిదైతే ఏంలే వదినా. ఆ కొస పట్టు, గోడకు ఆనిచ్చి పెడదాం."

"నేను పట్టను. ముందు చెప్పు."

"మళ్ళా మోడం పట్టింది. ఈ వాన పడేలోపల నీ తలమీద ఇంత నీడ ఉండాల. దూలం ఏసి, పైన కట్టె పరిచి, నాలుగు తట్టల చౌడు మన్ను పోస్తే..."

"దాని నడిమధ్యన తాడు ఒరిసిన గీట్లుండాయి. జ్ఞానమణి ఉయ్యాల కట్టిన గీట్లు. ఇది మీ ఇంటిది."

"మాదే."

"పల్లెలో నిలిచిన మిద్దెలే నాలుగు. దాంట్లో మీదొకటి. దాన్ని పెరికినావా?"

"వసారాదే వదినా. పండుకునే కాడ బాగానే ఉండాది."

"జ్ఞానమణి ఏమనె?"

"ఏమీ అనలే."

"మొగుడు ఇల్లు పెరికితే ఏమీ అనకుండా ఉంటాదా?"

"మాట్లాడటం లేదు. నిన్నటి నుంచి."

"ఎందుకప్పా ఈ పని? నీ తప్పేముండాది దీంట్లో? నేను చేయాల్సింది నేను చేస్తి. వానలు రాకముందే మిద్దె మీద చౌడు తోలి తొక్కిస్తి. వాననీళ్ళు పోయే దోనెలో కసువు తీస్తి. గింజలు కుండలకెత్తి మూతికి మన్ను మెత్తితి. అయినా గోడ నాని కూలె. కూలితే కూలె, దూలం ఇరగలే. మా మామ నల్లమల నుంచి తెచ్చిన టేకు దూలం. వాన ఇడిసిపెట్టిందాన్ని, సర్కారు మనిషినని వచ్చిన ఆ కాకినిక్కరోడు ఎత్తకపాయ. దానికి నువ్వేం చేస్తావు?"

"వదినా, నేను..."

"పాత దూలాలు అప్పజెప్పితే సర్కారు కొత్త రేకులు ఇస్తాదనె. పదైదిండ్లోళ్ళం నమ్మితిమి. మూడు బండ్ల కట్టె పాయ."

"బొజ్జన్నను ఏమంటాండారు?"

"ఏమంటారు. ఆ మూడు బండ్లలో ఒకటి వానిది గదా. దొంగతో వానికి పొత్తుండాదంటాండారు. రేపు ఆరాధన అయినాక పెద్దలు కూచుంటారంట. సంగం నుంచి వెలేస్తారంట. ఆ ఇంటికి నిప్పు గూడా ఇయ్యడంలే ఎవరూ."

"బొజ్జన్నకు ఏ పొత్తూ లేదు."

"నీకెట్ల తెలుసు?"

"ఆ కాకినిక్కరోడిచ్చిన కాగితం తీసుకోని నిన్న ఆత్మకూరు పోయినా. తాలూకా కచేరీలో చూపిద్దామని. దోవలో ఉప్పంగడి ఆయప్ప చూసి నగినాడు. ఇది ఎద్దుల పరస కాగితమంట. పోయినేడు తిరునాళ్ళలో జరిగిన పరసది. మంచి ఎద్దులకు బహుమానాలిస్తామని రాసుండాదంట. అంతా చదివి చెప్పినాడు."

"ఆయప్ప చదివి చెప్పినాడా?"

"ఆ."

"నీకా?"

"ఆ... నాకే."

"నువ్వే గదా సుందరం చదివితివి. ఆ పొద్దు రచ్చకాడ నిలబడుకోని. 'ఇండ్లు కూలినవారికి సర్కారువారు తెలియజేయునదేమనగా' అని గడగడా చదివితివి."

"దూలం దించనీ వదినా. బుజం లాగుతాండాది."

"దించు. దించి చెప్పు."

"దాని మీద జత ఎద్దుల బొమ్మ ఉండె. మనం ఓట్లేసినప్పుడు పెట్టె మీద ఉన్నట్టాంటి బొమ్మ. ఆ పెట్టెలో చీటీ ఏస్తిమి, వాళ్ళే సర్కారైరి. ఇంకేముంది, బొమ్మ ఉండాది కాబట్టి ఇది సర్కారు కాగితమే అనుకుంటి. కాకినిక్కరోడు నోటితో చెప్పిన మాటలకే రెండు పుస్తకం మాటలు తగిలించి చెప్తి."

"కాగితంలో ఉన్న అక్షరాలు?"

"నాకు అక్షరం ముక్క రాదు వదినా."

"చెప్పు. వింటాండా."

"చర్చిలో చదివేదీ అంతే. చిన్నప్పుడు దొరసాని బంగళాలో పంకా లాగుతాంటి. ఆమె పిల్లోళ్ళ చేత చదివిస్తాంటే విని విని ఇరవై కీర్తనలు నోటికొచ్చె. ఒకనాడు పుస్తకం చేతిలో పట్టుకోని చెప్తే, సుందరానికి చదువొచ్చె అన్నారు. కాదని ఆ దినమే చెప్పింటే సరిపోతాండె. సిగ్గేసి చెప్పలే. పన్నెండేండ్లాయ."

"జ్ఞానమణికి?"

"నిన్న చెప్తి. అందుకే నోరు ఇప్పడంలే."

"ఆ పొద్దు బొజ్జన్న ఏమనె, గుర్తుండాదా?"

"అదే నన్ను తింటాండాది. 'ఆదివారం ఆరాధనకు అయ్యగారు వస్తారు, ఆయనతో చదివించినాకే కట్టె ఇద్దాం, అంతవరకూ నా బండి కట్టను' అనె. ముందొచ్చినోళ్ళకే రేకులు అని కాకినిక్కరోడు తొందరపెట్టె. అంతలో గుంపులోనుంచి ఎవరో 'అయ్యగారెందుకు, మన సుందరం లేడా' అనిరి. ఆ మాటతో కాగితం నా చేతికొచ్చె. అందరూ నా మొగమే చూస్తాండారు. రాదని ఎట్ల చెప్పేది?"

"నువ్వు చదివినాకనే బొజ్జన్న బండి కట్టె."

"నన్ను నమ్మి కట్టె. వద్దన్న మనిషి వాడొక్కడే, వాన్నే వెలేస్తాండారు. నేను ఊరకుంటే దేవుడు ఓర్చడు వదినా. రేపు ఆరాధనలో పుస్తకం మూసిపెట్టి అందరికీ చెప్తా. ముందు నీకు చెప్పాలని వచ్చినా."

"దూలం ఇచ్చి చెప్తే నా కోపం తగ్గుతాదనుకుంటివా?"

"అనుకుంటి. అబద్ధమెందుకు."

"తీసకపో."

"తిట్టు వదినా, పడతా. దూలం మాత్రం ఉండనీ."

"తీసకపో సుందరం. నేను దాన్ని తీసుకోగూడదు."

"ఎందుకు?"

"చర్చి ఊడ్చేది ఎవరు?"

"నువ్వే."

"పోయినేడు ఊడుస్తాంటే చెయ్యి తగిలి నీ పుస్తకం కింద పడె. గుర్తుకు నువ్వు పెట్టుకునే ఎర్ర దారం ఊడొచ్చె. యాడ పెట్టాల్నో తెలీక మొట్టమొదటి పేజీలో పెడితి. మొదట ఉండేది లోకం పుట్టిన కథని నాకూ తెలుసు. ఆదివారం నువ్వు దారమున్న కాడ తెరిచి, వేలు పెట్టి, గొర్రెల కాపరి కీర్తన చదివితివి."

"నీకు... ఏడాది నుంచీ తెలుసా?"

"తెలుసు. ఎవరికీ చెప్పలే. నీ గొంతులో వింటే మనసుకు బాగుంటాండె. అక్షరాలతో నాకేం పని అనుకుంటి."

"మరి ఆ పొద్దు రచ్చకాడ ఎందుకు ఊరకుంటివి వదినా? ఒక్క మాట అనింటే..."

"ఊరకుండింటే బాగుండు గదప్పా. ఏటేటా చౌడు మోసి మోసి నా నడుము పడిపోయింది. నాకు రేకులు కావాల. అయ్యగారు వచ్చేదాకా ఆగితే అవి ఇంకో పల్లెకు పోతాయని గుబులాయ. 'అయ్యగారెందుకు, మన సుందరం లేడా' అనింది నేనే. నీకు చదువు రాదని తెలిసే అన్నా."