ఆర్డిస్ సంతకం పెట్టని కాగితం

ఆర్డిస్ క్వామీని ఒంటరిదాన్ని చేసింది మీరే. మీరంటే మీరే, ముందు వరుసల్లో నల్లకోట్లు వేసుకుని కూర్చున్న మన పార్టీవాళ్లు. మీతోపాటు నేనూ.

మిత్రులారా, ఈ చర్చి కింది హాలు ఇవాళ నిండిపోయింది. ఆమె బతికుండగా ఇందులో పదిమంది వచ్చి పక్కన నిలబడినా ఎంత బాగుండేది!

ఇరవయ్యారేళ్లు ఇదే హాల్లో ఆమె ఓటింగ్ నడిపించింది. ఒక ఏడాది సొంత తమ్ముడు, మంచులో బండి జారి, రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. "తలుపు మూసేశాం రా. కాఫీ ఉంది, తాగి వెళ్లు" అంది. ఈస్టర్ దాకా ఆయన ఆమె ఫోన్ ఎత్తలేదు.

మొన్న అటార్నీ జనరల్ పదవికి, అంటే మన రాష్ట్ర ప్రధాన న్యాయవాది పదవికి, జరిగిన ఎన్నికలో, రాష్ట్రమంతా కలిపి, మన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం నూట పద్నాలుగు ఓట్లు. మళ్లీ లెక్కించాల్సి వచ్చింది. ఈ హాలు నుంచి వెళ్లిన పెట్టెను బల్ల మీద పెట్టగానే ఆర్డిస్ సీలు మీది నంబరు చూసి, "ఇది నేను వేసిన సీలు కాదు" అంది. ఎదుటి పార్టీ తరఫున ఏళ్లుగా ఆమె పక్కన కూర్చుని పేచీలు పెట్టే వెర్లిన్ రోట్గర్ కూడా పోలింగ్ రోజు సీలు నంబరు రాసుకున్న తన చీటీ తీసి చూసి అదే మాట అన్నాడు. ఆ పెట్టెలో ఓట్లు ఆరు వందల పన్నెండు!

నంబరు రాయడంలో పొరపాటు జరిగిందంటూ అధికారులు ఒక కాగితం తెచ్చారు. సంతకం పెడితే చాలన్నారు. మనమేం చెప్పాం? గెలిచింది మనవాడే కదా, ఈ వయసులో నీకెందుకమ్మా అన్నాం. ఆమె ఏమందో గుర్తుందా?

"మనవాడు ఓడిపోయుంటే ఈపాటికి మీరే నన్ను భుజాల మీద ఊరేగించేవాళ్లు."

ఆ కాగితం మీద ఆమె సంతకం పెట్టలేదు.

ఒంట్లో బాగాలేదని చెప్పి ఆమెను లెక్కింపు నుంచి తప్పించారు. ఆ వారమంతా ఆమె తన వాకిట్లో మంచు తానే ఎత్తిపోసుకుంది. గురువారం గుండె ఆగింది. ఎవరో చంపారని నేననను. డాక్టరు మాట నమ్ముతాను. నమ్మనిది ఆ సీలునే. మళ్లీ లెక్కించే ముందు రెండు రోజులు ఆ పెట్టె ఎవరి చేతిలో ఉంది? దాన్ని దాచిన గదికి తాళం చెవులెన్ని? వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకంలో ఆ రెండు రోజుల పేజీ ఎందుకు ఖాళీ? రేపు చట్టం తరఫున నిలబడాల్సినవాడు, మారిన సీలు మీద నిలబడతాడా?

సోమవారం ఫలితం ఖాయం చేస్తారు. అందుకే ఇవాళే అడుగుతున్నాను.

ఆ పెట్టెలోని ఓట్లను రెండు పార్టీల ముందు ఓటర్ల జాబితాతో సరిచూడాలి.

తాళం చెవులున్నవాళ్ల పేర్లు బయటపెట్టాలి.

వెర్లిన్ సాక్ష్యం తీసుకోవాలి.

ఇదంతా తేలేదాకా మన అభ్యర్థి ప్రమాణం చేయకూడదు.

చివరిది మీకే. అందరూ లేవండి. ఇన్నాళ్లూ మన కోసం నోరు మూసుకున్నాం. ఒక్క నిమిషం ఆమె కోసం మూసుకుందాం.