గరుకు మచ్చ

బహ్రెయిన్‌లోని తుబ్లీలో గ్రానైట్ రాళ్లకు పాలిష్ పెట్టే పరశురాం, పాత గోళీలు పోగుచేసే వేంకటాచలం ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేకపోతున్నాడు.

"అవాలి ఏరియాల పాతిల్లు కూలగొడుతుంటే డబ్బాల గోళీలు దొరికినయి సార్, పదకొండు. ఇంటామె మీరే ఉంచుకోండ్రి అన్నది."

వేంకటాచలం అతను తెచ్చిన ఒక్క గోళీని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

"లోపల ఆ రంగుల మెలిక చూడవయ్యా! జర్మనీలో చేత్తో చేసిందే అనిపిస్తోంది. కానీ మచ్చ కనిపించట్లేదే."

"ఏం మచ్చ సార్?"

"వేడి గాజు కడ్డీ నుంచి కోసినచోట గరుకుగా ఒక మచ్చ ఉండిపోతుంది. చేత్తో చేసిందనడానికి అదే గుర్తు. అదుంటే ఈ ఒక్కదానికే నూటయాభై దీనార్లు ఇచ్చేవాణ్ణి."

పరశురాం అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఉండె సార్. మీకు సూపెట్టేది మంచిగుండాలెనని నేనే మెషిన్ మీద పెట్టి నున్నగ చేసిన."

"అయ్యో! ఇప్పుడిది రెండు దీనార్లు కూడా చెయ్యదు. మిగతా పదీ ఎక్కడున్నాయి?"

"షాపుల. మా హెల్పర్ ముఖేష్ పాలిష్ పెడుతుండు."

అంటూనే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారికి ఎత్తాడు.

"ముఖేష్, మెషిన్ బంద్ చెయ్‌రా! గోళీలు ముట్టకు!"

"ఫికర్ చెయ్యకన్నా," అవతలి గొంతు హుషారుగా వినిపించింది. "నువ్వు చెప్పినట్టే పదీ అద్దం లెక్క చేసిన. ఒక్కదానికి గూడ మచ్చ లేదు."