ఆరో మేకు

కొలిమి పాకలో గుర్రం కట్టేసి ఉంది. కూతురు దాని ముందుకాలు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వంగి సుత్తితో లాడం కొడుతోంది. తల్లి వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చింది.

"ఆరోది మోగలేదు."

"ఏ ఆరోది?"

"ఆరో మేకు. అయిదు మేకులు ఠంగుఠంగుమన్నాయి. ఆరోది మెత్తగా దబ్బుమంది. ఏడోది మళ్ళీ మోగింది."

"నువ్వు లోపల పాలు కాస్తున్నావా, నా మేకులు లెక్కపెడుతున్నావా?"

"రెండూను. మీ నాన్నతో కాపురం చేసినన్నాళ్ళూ రెండూ చేశాను. డెక్క ఎండు గోట్లోకి దిగే మేకు మోగుతుంది. లోపలుండే పచ్చి మాంసానికి దగ్గరగా పోయే మేకు గొంతు పోయినట్టు పలుకుతుంది. నాకు చెప్పకు."

"వెళ్ళమ్మా, పాలు పొంగుతాయి."

"పొంగనీ. ఆ కాలు ఇటు తిప్పు."

"గుర్రం ఉలిక్కిపడిందా? లేదుగా? పచ్చిలో దిగితే ఈపాటికి నన్ను ఆ గోడకి అతికించి ఉండేది."

"అదే నా భయం. పొరపాటున కొట్టిన మేకయితే ఉలిక్కిపడేది. నువ్వు వెంట్రుకవాసి ఇవతల ఆపావు. పొరపాటున ఎవరూ అంత సరిగ్గా కొట్టరే."

"సరే, కొట్టాను. కావాలనే కొట్టాను. చాలా?"

"ఎందుకు? ఎవరిదే ఈ గుర్రం?"

"కాఫీ తాగొస్తానని వెళ్ళాడే, ఆ పెద్దాయనది."

"పాపం, ఆయన నిన్నేం చేశాడు?"

"పాపమా! ఆ జీను కింద పడేసి ఉంది, దాని మీద ముద్ర చూడు. వాడి మొహం నువ్వెప్పుడూ చూడలేదు. పేరు మాత్రం పన్నెండేళ్ళుగా వింటున్నావు."

"జీను... అమ్మో. అమ్మో, అతనా? ఆ లాయం యజమానా? మన గుమ్మంలోకా? మంచినీళ్ళు కూడా ఇచ్చానే!"

"రెండు గ్లాసులు ఇచ్చావు. రెండోది కుండలోంచి చల్లగా."

"మనం ఫలానా అని పోల్చుకున్నాడా?"

"పోల్చుకుంటే నా చేతిలో గుర్రాన్ని పెడతాడా? మనం ఆ ఊరు వదిలేనాటికి నాకు పదకొండేళ్ళు. వాడు నిన్ను చూసిందే లేదు. నాన్న దగ్గరికి గుర్రాల్ని పనివాళ్ళతో పంపేవాడు. ఇప్పుడు వాళ్ళ లాయంలో లాడాలు కొట్టే మనిషికి మణికట్టు విరిగిందట. రేపు పొద్దున పందెం. మన కొట్టు తప్ప దారిలో ఇంకోటి లేదు. వచ్చాడు."

"ఆ మేకు తీసెయ్యి."

"తియ్యను."

"ముందు తీసెయ్యి, తర్వాత పోట్లాడుకుందాం."

"తియ్యనన్నానా!"

"ఏమవుతుందో తెలుసా?"

"నాకు తెలీక కొట్టానా? ఇవాళ బుద్ధిగా నడుచుకుంటూ వెళ్తుంది. తెల్లారేసరికి డెక్క వేడెక్కుతుంది. పందెంలో సగం దూరం పరిగెత్తాక కుంటడం మొదలుపెడుతుంది. జనమంతా చూస్తుండగా. వాడి మొహం కూడా చూస్తుండగా."

"అంతవరకే నీకు తెలుసు. మిగతాది నేను చెబుతాను. కుంటితే తూలుతుంది. తూలితే పడుతుంది. మీదున్న మనిషి కింద పడుతుంది, వెనకొచ్చే గుర్రాలు ఆగవు. పోలీసులొస్తారు. లాడం ఊడదీసి చూస్తారు. నిన్ను ఆ మసి బట్టల్తోనే తీసుకెళ్తారు. నేను డబ్బాలో అన్నం పెట్టుకుని జైలు గేటు దగ్గర ఎండలో నిలబడతాను. లోపలికి పంపరు. లాయరు ఫోన్ ఎత్తడు..."

"అప్పుడే లాయర్ని కూడా పెట్టేశావా?"

"నవ్వకు! నవ్వితే కొడతాను. పందెంలో దీన్ని ఎక్కేది ఎవరు?"

"ఎవరైతే ఏం?"

"ఎవరే?"

"వాళ్ళ మనిషే."

"వాళ్ళ మనిషంటే?"

"మనవరాలట."

"ఎన్నేళ్ళు?"

"నేనడగలేదు."

"అడగలేదా, చెప్పవా?"

"పందొమ్మిది. వాడే చెప్పాడు, మురిసిపోతూ."

"పందొమ్మిదేళ్ళ పిల్ల! దానికో తల్లి ఉంటుందే. రేపు గోడ పక్కన నిలబడి ఉంటుందే, నాలాగా గుండె అరచేతిలో పెట్టుకుని."

"నాకు పదకొండు అప్పుడు. నా వయసు ఎవరడిగారు? నా తల్లి ఎక్కడ నిలబడిందో ఎవరడిగారు? వీడి గుర్రానికి ఏడు మేకులు, ఏడూ సరిగ్గా కొట్టాడు నాన్న. మూడో రోజున ఆ గుర్రం కుంటింది. పందెంలో ఎదుటివాళ్ళ దగ్గర డబ్బు తిని కావాలనే పచ్చిలో కొట్టాడని ఒక్క మాటన్నాడు వీడు. ఆ ఒక్క మాటకి లాయాలన్నీ తలుపులు వేసుకున్నాయి."

"నాకు చెబుతావేం? నేను లేనూ అప్పుడు?"

"నువ్వు మర్చిపోయావేమోనని. నాన్న చచ్చేదాకా తలుపు గడియలు చేశాడమ్మా. కిటికీ కొక్కేలు చేశాడు. నాకు పని చచ్చిన గుర్రాల డెక్కల మీద నేర్పాడే గాని, బతికున్న గుర్రాన్ని ముట్టుకోలేదు. వీధిలో గుర్రం సకిలిస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. అన్నం పళ్ళెం ముందు కూర్చుని వేళ్ళు మడిచేవాడు. ఒకటోది మోగింది, రెండోది మోగింది..."

"ఊరుకో."

"మూడోది మోగింది, నాలుగోది..."

"ఊరుకోవే, నీకు దండం పెడతాను."

"ఆరోదాని దగ్గర ఆగిపోయేవాడు. అది మోగిందో లేదో గుర్తు రావట్లేదని. నలుగురూ చూసిన తప్పులాగా తన మీద తనే అనుమానపడి చచ్చాడు. నువ్వు పక్కనే వడ్డిస్తూ ఉండేదానివి. ఒక్కసారైనా, నువ్వు తప్పు చెయ్యలేదు అన్నావా?"

"అనడానికి నేను విన్లేదే! ఆ రోజు నీకు జ్వరం. కళ్ళు తేలేశావు. నిన్ను భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఆయన మేకులు కొడుతుంటే నేను ఇంట్లో లేనిది కాపురం మొత్తంలో ఆ ఒక్క పూటే. వినుంటే వాడి లాయం ముందు నిలబడి అరిచి చెప్పేదాన్ని, ఏడూ మోగాయి, నేను విన్నాను అని."

"విన్లేదు సరే. నమ్మావా?"

"పాలు మాడుతున్నట్టున్నాయి."

"మాడనీ. నమ్మావా?"

"నీ జ్వరం కంగారులో చెయ్యి జారిందేమోనని... ఒకసారి అడిగాను. ఒక్కసారే. 'బిడ్డకి బాగోలేదుగా, ధ్యాస ఎటైనా పోయిందేమో గుర్తు చేసుకోండి' అన్నాను. అంతవరకూ ఆయన వేళ్ళు మడవలేదు. మర్నాటినుంచి మొదలుపెట్టాడు."

"అమ్మా!"

"ఊరంతా అంటే తట్టుకున్నాడు. నేనడిగాక తట్టుకోలేకపోయాడు. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. చెబితే నువ్వు నా మొహం చూడవని భయం. ఏదో ఒకటి అను. తిట్టు పోనీ."

"ఏమనను? ముందు వాణ్ణి అననీ, తర్వాత నీ సంగతి చూస్తాను."

"నాది తర్వాత చూద్దువుగానిలే. ఇప్పుడు నా మాట విను. ఈ మేకు ఇలాగే ఉంచావనుకో. రేపు డెక్క విప్పి చూస్తారు. ఎవరు కొట్టారు, ఎవరి కూతురు అని కూపీ లాగుతారు. 'తండ్రీ అదే పని, కూతురూ అదే పని, వాళ్ళ రక్తంలోనే ఉంది' అంటారు. ఆయన చెయ్యని పని నువ్వు చేసి, ఆయన ఖాతాలో వేస్తావా? అప్పుడు ఆయన ఆరో మేకు ఇంకెప్పటికీ మోగదే, తల్లీ. ఏడవకు. నువ్వేడిస్తే నాకు ఇంకా భయం."

"ఏడవట్లేదు. పొగ. ఆ పటకారు ఇలా పడెయ్యి."

"మెల్లిగా. నిదానంగా లాగు."

"నాకు నేర్పకు. ఇదిగో, వచ్చింది. పట్టుకుని చూడు."

"పొడిగానే ఉంది కదూ? తడి లేదు కదూ? రక్తం గాని..."

"లేదమ్మా, ఎండుగానే ఉంది. పచ్చికి తగల్లేదు. వెంట్రుకవాసి ఇవతల అని నువ్వే అన్నావుగా."

"అయినా కాస్త మందు పోద్దాం."

"పోశాను. ఇదిగో కొత్త మేకు. బయట వైపుకి కొడుతున్నాను. చెవి ఇటు పెట్టు."

"పెట్టాను."

"ఎలా ఉంది?"

"మోగింది."

"కొన విరిచి మడిచాను. ఆకురాయి పట్టాను. కాలు దించాను, నాలుగూ అయ్యాయి. రేపు వాడి మనవరాలు మెడలో దండేసుకుని ఊరేగుతుంది. నీకిప్పుడు కడుపు నిండిందా?"

"నిండలేదు. భయం తగ్గింది, అంతే. అదిగో, వస్తున్నాడు. మొహం మామూలుగా పెట్టు."

"మామూలు మొహం నాకు లేదు. ఇదే ఉంది."

"ఏమ్మా అమ్మాయ్, అయిందా?"

"అయిందండి."

"నాలుగూనా? ఓసారి నాలుగడుగులు వేయించు... ఆహా! ఆ చప్పుడు చూడు, ఎంత సమంగా పడుతోందో! ఆడపిల్ల లాడాలు కొడుతుందట అంటే మావాళ్ళు ఒకటే నవ్వు. రేపు వాళ్ళ నోళ్ళు మూయిస్తాను. ఏమమ్మా, నీ కూతురేనా?"

"నా కూతురేనండి."

"బంగారం లాంటి చెయ్యి. ఎవరు నేర్పారు?"

"వాళ్ళ నాన్నగారు."

"ఏరీ, లేరా ఇంట్లో?"

"పోయారండి."

"అయ్యయ్యో. ఇలాంటి చెయ్యి నేను ఇదివరకు ఒక్కడి దగ్గరే చూశాను. పాతమాటలే. వాడు లాడం కొడితే గుర్రానికి పుట్టుకతో వచ్చినట్టు ఉండేది. అలాంటివాణ్ణి చేజేతులా పోగొట్టుకున్నాను."

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు."

"ఉండవే. ఎలా పోగొట్టుకున్నారండి?"

"ఏముందమ్మా, పందెం ముందు మా గుర్రం కుంటింది. నాకు ఒళ్ళు మండింది. మేకు కావాలనే పచ్చిలో దింపాడని నలుగురిలో అనేశాను."

"దింపాడాండి?"

"లేదమ్మా, అదే తమాషా! తర్వాత పశువుల డాక్టరు వచ్చి డెక్క అడుగు గీశాడు. నడిమధ్యలో రాయి ముక్క దిగబడి చీము పట్టి ఉంది. మేకులకీ దానికీ సంబంధమే లేదు. మేకులు ఎక్కడివక్కడ ఉన్నాయి, ముత్యాల్లాగా."

"ఆరోది?"

"ఏమిటీ?"

"ఆరో మేకు కూడా సరిగ్గానే ఉందాండి?"

"ఏడూ ఉన్నాయన్నానుగా. ఆరోదేమిటి, ఏడోదేమిటి?"

"ఎన్నాళ్ళకి తెలిసిందండి ఈ సంగతి?"

"ఎన్నాళ్ళో ఎక్కడ, ఓ వారం."

"వారం."

"మహా అయితే పది రోజులు."

"మరి ఆయన్ని పిలిచి చెప్పారా?"

"బాగుంది! ఎలా చెబుతానమ్మా? అప్పటికే లాయాలన్నిటికీ చాటించేశాను. అన్నమాట వెనక్కి తీసుకున్నానంటే రేపు పేడ ఎత్తేవాడు కూడా నన్ను లెక్కచెయ్యడు. అయినా పనిమంతుడు, వాడికేం? ఎక్కడో హాయిగా బతికేసి ఉంటాడు."

"పేరేమిటండి ఆయన పేరు?"

"పేరా... ఏదో ఉండేది. నోటిదాకా వస్తోంది. పోనిద్దూ, ఇన్నేళ్ళకి ఏం గుర్తుంటుంది?"

"అమ్మా, సుత్తి నా చేతిలో ఉంది. నువ్వు లోపలికెళ్ళు. చెబుతున్నాను."

"సుత్తి కింద పెట్టు. నేను మాట్లాడుతున్నానా లేదా?"

"ఏంటమ్మా, తల్లీకూతుళ్ళు సుత్తి దగ్గర పోట్లాడుకుంటున్నారు?"

"నాకు అలవాటేనండి, భయస్తురాల్ని. ప్రతిదీ అడుగుతాను. ఇక్కణ్ణించి మీ లాయం దాకా ఇంకో లాడాల కొట్టు ఉందాండి?"

"ఉంటే ఇంత దూరం నడిపించుకొస్తానా? మళ్ళీ వెతుక్కోవాలంటే రెండు రోజుల పని."

"లాడాలు లేకుండా పందెంలోకి రానివ్వరా?"

"గులకరాళ్ళ మీద పరుగమ్మా అది. లాడాల్లేని గుర్రాన్ని గీత దగ్గర నిలబడనివ్వరు. ఎందుకివన్నీ? పగ్గం ఇలా ఇవ్వు, పొద్దుపోకముందే వెళ్ళాలి."

"ఇస్తాను, ఒక్క నిమిషం. అమ్మాయ్, ఆ పటకారు తియ్యి."

"ఎందుకమ్మా?"

"ఏం, ఏదైనా వదులుగా ఉందా?"

"లేదండి, అన్నీ బిగువుగానే ఉన్నాయి. నాలుగు లాడాలూ ఊడదియ్యవే, ఈయన కళ్ళముందే, ఒక్కొక్కటీ. డెక్క చీలనివ్వకు, గుర్రం చేసిన తప్పేం లేదు. అయ్యగారూ, దారంతా కంకర, పక్కనున్న మట్టి మీద నడిపించుకెళ్ళండి. రేపు మీ గుర్రం ఏదీ అని అడిగినవాళ్ళకి, మీరు పేరు మర్చిపోయిన ఆ లాడాలవాడి పెళ్ళాం కావాలనే చెడగొట్టిందని చెప్పండి. లాయం లాయానికీ తిరిగి చాటించండి. ఈసారి మీరు అబద్ధం ఆడక్కర్లేదు."