సామేలన్న కోడి వేలం

టికెట్టు తీసుకుంట గని ప్రవళికా, ముందుగాల గిది చెప్పు. ఈసారి మీ చర్చి సోషల్ల వేలంపాట ఎవరు నడిపిస్తుండ్రు? మైకు పెట్టా? సామేలన్నకు మైకు ఎన్నడు లేకుండె. నీకు తెల్వదులే, నువ్వు పుట్టకముందే పోయిండు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల నాతోనే పనిచేసేది. ఆ సుత్తెల చప్పుడుల మాట్లాడి మాట్లాడి, ఇంట్ల ఉప్పడిగినా వారాసిగూడ దాక ఇనపడేది.

అరవై తొమ్మిదిల ముచ్చట. తెలంగాణ లొల్లి మంచిగ మీదున్నది. యూనివర్సిటీల దినాం లాఠీలు, టియర్ గ్యాసు. ఆ గోడకు ఇవుతల మీ చర్చి, అప్పుడు ఉత్త రేకుల షెడ్డు. కప్పు కారుతున్నదని, బాగుకు పైసలు జమ చేసెతందుకు సోషల్ పెట్టిండ్రు, తిండి, వేలంపాట అన్ని. ‘ఇసొంటప్పుడు ఎందుకన్నా’ అంటే, ‘లొల్లి నడుస్తున్నదని వానకు తెలుస్తదా సూర్యం’ అన్నడు సామేలన్న. నేను పోయింది ధైర్యముండి కాదు బిడ్డా, అక్కడ పెట్టే ఖీమా కోసం. మా ఇంట్ల గుడ్డు పేరెత్తితే మా అమ్మ తానం చేసేది. ఉరుకుడు సులువైతదని ఆఖరి వరుసల, దర్వాజ పక్కకు కూసున్న.

మీ వేలం రివాజు నాకు భలే అనిపించేది. ఒకరు కోడిని తెచ్చిస్తరు, ఇంకొకరు పాడుకుంటరు, పాడుకున్నోడు ‘దేవునికే’ అని మళ్ల బల్ల మీద పెడ్తడు. మళ్ల పాట. ఎవరైతే నిజంగ ఇంటికి తీస్కపోతరో, వాళ్లకోసం అందరు లేచి కండ్లు మూసుకొని ప్రార్థన. దాంతోని సభ ఖతం. ఇప్పుడు గట్ల లేదా? సరే, ఇను.

పాట మొదలుగాకముందే బిక్షం గోడ దుంకి వచ్చిండు. సామేలన్న తమ్ముడు. ఆ ఇంట్ల కాలేజి మెట్లెక్కింది వాడొక్కడే. మోకాలు పగిలి కుంటుతుండు, గ్యాసుకు కండ్లు ఎర్రగైనయ్. సామేలన్న భార్య శివమ్మ వదిన బజ్జీల పొయ్యి కాడుండె. ఏమైందని అడగలే. ముంగట ఉల్లిగడ్డలు పోసి కత్తి చేతికిచ్చి, ‘కొయ్యి. ఏడ్సుకుంట కొయ్యి’ అన్నది. ఎనకనే అమీన్ సాబ్ జవాన్లతోని దిగిండు. ఎస్సైని అప్పుడు గట్లనే అనేది. ‘ఒకడు దుంకిండు. మీ సభ కానియ్యండి. అయినంక గేటు కాడ ఒక్కొక్కన్ని నడిపించి చూసి పంపుత’ అన్నడు. నడిపించి అన్నడు చూడు, కుంటేటోడు అగో అక్కడ దొరుకుతడు. బిక్షం సంగతి పక్కకు పెట్టు, నా కాళ్లు వణికే తీరుకు ముందు నన్నే పడ్తరనుకున్న.

ఇగ సామేలన్న కోడిని ఎవరింటికి పోనియ్యలే. పోనిస్తే సభ అయిపాయె. ‘దీని రోషం చూడుండ్రి, అమీన్ సాబ్ ముంగట సుత తల వంచుతలేదు’ అని ఒకటే పాట. నేను చెమట తుడుసుకుందామని చెయ్యెత్తితే, ‘సూర్యనారాయణ పాట’ అని నాకు కొట్టేసిండు. దేవునికే అని మళ్ల పెట్టిన. కోడి ఎన్ని చేతులు మారిందో, అది సుత బేజారై అరుసుడు బంద్ చేసింది. అవుతల శివమ్మ వదిన ఖాళీ గంప ఎత్తి చూపిస్తున్నది, ఉల్లిగడ్డలు ఒడిసినయని. బిక్షం కోసిన ముక్కల్నే మళ్ల కోస్తుండు. జవాను ఒకడు వాని దిక్కే చూసుకుంట నిలబడ్డడు.

అమీన్ సాబ్‌కు ఓపిక పోయింది. ‘బస్ కరో’ అని చెయ్యెత్తిండు. సామేలన్న ఊపిరి సుత తీయలే. ‘అమీన్ సాబ్ పాట. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.’ ఇగ అందరం కోడితో సహా ఠాణాకే అనుకున్న. ఎవరో చప్పట్లు కొట్టిండ్రు, ఆడోళ్లందరు అందుకున్నరు, ఇంకెవరో కోడిని తెచ్చి ఆయన చేతుల పెట్టిండ్రు. మీసం కిందికెల్లి జరంత నవ్వు వచ్చిందాయనకు. దేవునికే అనాలెనని పాపం ఆయనకేం తెలుసు, సంకల పెట్టుకున్నడు. పాస్టరయ్య లేచిండు. అమీన్ సాబ్ టోపీ తీసి కండ్లు మూసిండు. ఆయన మూస్తే జవాన్లు మూయరా? పాస్టరయ్య ఆయన భార్యకు, పిల్లలకు, ప్రమోషన్‌కు, కోడి పెట్టబోయే గుడ్లకు సుత ప్రార్థన చేసిండు. ఆమెన్ దిక్కు పోతున్నడంటే సామేలన్న ఆయన కాలు తొక్కేది. ఎట్ల చూసినవంటవా? మా దేవుడు కాదు గదా అని నేను ఒక కన్ను తెరిచిన. బిక్షం పొయ్యి ఎనకకెల్లి కుంటుకుంట పట్టాల దిక్కు పోతుండు. సామేలన్న రెండు కండ్లు తెరిచి ఆ వీపునే చూస్తుండు.

గేటు కాడ నన్ను రెండుసార్లు నడిపించిండ్రు, అది వేరే.

బిక్షం లొల్లి సల్లారినంక వచ్చిండు, పరీక్ష రాసిండు, నల్లగొండ దిక్కు సార్ అయిండు. సామేలన్న మాత్రం మళ్ల ఎన్నడు ప్రార్థనల కండ్లు మూయలే. పాస్టరయ్య అడిగితే, ‘మూస్తే ఎవరో ఒకరు పోతరయ్యా’ అనేటోడు. ఆఖరికి దవాఖానల పన్నప్పుడు సుత అంతే, పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటే దర్వాజ దిక్కే చూపు. బిక్షం బస్సు దిగి ఉరికొచ్చి, చెయ్యి పట్టుకొని ‘గీడనే ఉన్న అన్నా, ఏడికి పోను’ అన్నడు. అప్పుడు మూసిండు. నేను సుత మూసిన, ఆ ఒక్కసారి. ఆమెన్ అనంగనే మేమందరం తెరిచినం.

...

గా టికెట్ ఇటియ్యి బిడ్డా. బజ్జీలు దీంట్లనేనా, వేరేనా?